ఆన్‌లైన్ బెట్టింగ్: మన సీమ ఇళ్ళల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు

ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేశాను. ఆదోని, గుంతకల్లు, ఆఖరున ప్రొద్దుటూరు. రిటైరై అనంతపురంలో ఉంటున్నా. వారానికి ఒకరో ఇద్దరో ఇంటికొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టి "ఇది చూడు సార్" అంటారు. ఎక్కువసార్లు వచ్చేది తండ్రి, కొన్నిసార్లు భార్య, అరుదుగా ఆడిన మనిషి. ప్రశ్నలు మాత్రం అవే. అందుకే జవాబులు ఒకచోట రాసిపెడుతున్నా. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి, వరసగా చదవనక్కర్లేదు.

## మొదలుపెట్టక ముందు

మన దగ్గర ఆన్‌లైన్ బెట్టింగ్ నిజంగా నేరమేనా? ఊరంతా ఆడుతున్నారు కదా సార్?

నేరమే. మనకు 1974 నుంచి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఉంది. 2020లో దాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను కూడా అందులోకి తెచ్చారు. నడిపేవాళ్ళకు మొదటిసారి ఏడాది వరకు, మళ్ళీ దొరికితే రెండేళ్ళ వరకు జైలు. ఆడేవాళ్ళకు ఆరు నెలల వరకు పడొచ్చు. ఆ పైన 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం ఉంది. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా అది నిషేధిస్తుంది. నడిపితే మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేస్తే రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఈ కేంద్ర చట్టంలో ఆడినవాడికి శిక్ష పెట్టలేదు, రాష్ట్ర చట్టంలో ఉంది.

ఆడేవాళ్ళు నన్ను అడిగేది ఎప్పుడూ జైలు గురించే. నాకు అంతకంటే పెద్దదిగా కనబడేది ఇంకొకటి. చట్టం ఒప్పుకోని ఆటలో మీరు గెలిచినా, ఆ గెలుపు డబ్బు మీకు ఇప్పించే దిక్కు లేదు. అటువైపు ఉన్నవాడికి ఆ సంగతి మీకంటే బాగా తెలుసు.

రమ్మీ తెలివితో ఆడే ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదా?

చెప్పింది. 1968లో, అదీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన కేసులోనే. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో మనుషులు బల్ల చుట్టూ కూర్చుని ఆడిన పదమూడు ముక్కల రమ్మీ గురించి ఇచ్చిన తీర్పు అది. ఆ తర్వాత 2020 సవరణ ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని మన రాష్ట్రంలో నిషేధించింది. 2025 కేంద్ర చట్టం తెలివా, అదృష్టమా అన్న తేడానే తీసేసింది. ఇప్పటికీ ఆ పాత తీర్పు చూపించి నమ్మించే ప్రకటన కనబడితే, వాడు 1968 తర్వాతి సంగతి మీకు కావాలనే చెప్పడం లేదని అర్థం.

బళ్ళారికో బెంగళూరుకో పోయి ఆడితే తప్పులేదంట?

ఒకప్పుడు రాష్ట్రానికో రూలు ఉండేది కాబట్టి ఆ మాట పుట్టింది. గుంతకల్లు నుంచి బళ్ళారి ఎంత దూరమని, బండేసుకుని పోయి ఆడి వచ్చినవాళ్ళు నాకు తెలుసు. కేంద్ర చట్టం దేశమంతటికీ ఒకటే. ఇక ఫోన్‌లో దొంగ లొకేషన్ పెట్టుకుని ఆడటం ఇంకా చెడ్డది. గెలిచిన రోజున "నిషేధం ఉన్న చోటినుంచి ఆడావు, మా షరతులు మీరావు" అని ఆ యాపే మీ డబ్బు మింగేస్తుంది. మీరు టిక్కు కొట్టిన షరతుల్లో ఆ ముక్క ముందే రాసిపెట్టి ఉంటుంది.

మా ఊర్లో ఒకడు రెండు లక్షలు గెల్చినాడు. వానికొచ్చింది నాకు రాదా?

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతకడానికి జనం ఎట్లా పోతారో మీకు తెలుసు. ఎవరికైనా ఒక రాయి దొరికితే ఆ వార్త జిల్లా దాటుతుంది. నెలంతా నడుములు పడిపోయేలా వెతికి ఉత్త చేతులతో ఇంటికి పోయినవాళ్ళ పేర్లు ఏ పేపర్లోనూ రావు. బెట్టింగ్‌లోనూ అంతే, గెలిచినవాడు స్క్రీన్‌షాట్ పెడతాడు, ఓడినవాడు ఫోన్ బోర్లా పెట్టి పడుకుంటాడు. ఒక తేడా మాత్రం ఉంది. జొన్నగిరి నేల ఎవరినీ ఆశపెట్టి లాగదు. యాప్ కొత్తవాళ్ళకు మొదటి రోజుల్లో బోనస్ ఇచ్చి, చిన్న మొత్తాలు చకచకా అకౌంట్‌లో వేసి నమ్మకం పుట్టిస్తుంది. ఆ రెండు లక్షలవాణ్ణి ఒక్కటే అడగండి: ఇప్పటిదాకా మొత్తం ఎంత పెట్టినావు?

టెలిగ్రామ్‌లో ఒకాయన చెప్పేవన్నీ నిజమైతున్నాయి. వరసగా నాలుగు మ్యాచ్‌లు!

లెక్క చూడండి. అతని చేతిలో 800 మంది ఉన్నారనుకోండి. సగం మందికి ఒక జట్టు గెలుస్తుందని, మిగతా సగానికి ఇంకో జట్టని విడివిడిగా పంపుతాడు. మ్యాచ్ అయ్యాక, తను చెప్పింది ఎవరికి నిజమైందో ఆ 400 మందిని ఉంచుకుంటాడు. మళ్ళీ సగం సగం చేస్తే 200, తర్వాత 100, తర్వాత 50. నాలుగు మ్యాచ్‌ల తర్వాత ఆ యాభై మందికి అతను దేవుడు. ఐదో మ్యాచ్‌కు "ఫిక్స్ రిపోర్ట్" పేరుతో పదివేలు అడుగుతాడు, ఇస్తారు. మీరు ఆ యాభైలో ఉన్నారు. మిగతా 750 మంది మీకు కనబడరు.

## ఆడుతున్నప్పుడు

ఓడిన ప్రతిసారీ డబుల్ పెడితే ఎప్పుడో ఒకప్పుడు రాదా?

వంద రూపాయలతో మొదలుపెట్టి వరసగా ఎనిమిదిసార్లు ఓడితే అప్పటికి పోయింది 25,500. తొమ్మిదోసారి 25,600 పెట్టాలి. అది గెలిచినా చేతికి మిగిలేది వంద రూపాయలే. వరసగా ఎనిమిది ఓటములంటే అరుదనిపిస్తుంది గానీ, ఏ రంగు వస్తుందో అని నిమిషానికో పందెం నడిచే ఆటలో ఒక్క రాత్రిలోనే అవి రావొచ్చు. పైగా ఒక్కో పందేనికి ఇంతకు మించి పెట్టకూడదని యాప్ పెట్టిన హద్దు సరిగ్గా అక్కడే అడ్డం పడుతుంది.

నేను వందా యాభై మాత్రమే పెడతా. దానికే మునిగిపోతామా?

ఒక అబ్బాయి స్టేట్‌మెంట్ నా కళ్ళముందే ఉంది. వాళ్ళ నాయన పత్తికొండ మార్కెట్‌కు టమోటా వేసే రైతు. నాయన అకౌంట్‌కు అబ్బాయి ఫోన్‌లో యూపీఐ పెట్టుకున్నాడు. టమోటా డబ్బులు పడిన సాయంత్రం నుంచి వరసగా 100, 100, 50, 200, 100. రాత్రి 11 దాటాక 500లు. తెల్లారుజామున 2:40కి 2,000. ఆ ఒక్క రాత్రివే మూడు పేజీలు. పెద్దాయన చదువుకోలేదు, కాగితం మీద వేలు పెట్టి "ఇన్ని గీతలేంది సార్?" అని అడిగాడు.

చిన్న మొత్తమే కదా అన్నది ఒక్క పందేనికి చెల్లుతుంది. విమానం ఎగిరిపోయేలోపు డబ్బు వెనక్కి తీసుకోవాల్సిన ఆటలాంటివి పది పదిహేను సెకన్లకో రౌండు నడుస్తాయి. యాప్ నిజాయితీగా నడుస్తూ, పెట్టిన ప్రతి వందకు సగటున 97 తిరిగి ఇస్తుందనే అనుకుందాం. గంటకు 200 రౌండ్లు, రౌండుకు వంద అంటే మీరు తిప్పింది 20,000. అందులో మూడు శాతం, 600, గంటకు పోతుంది. జేబులో ఉన్నది వెయ్యే అయినా ఇరవై వేలు తిప్పుతారు, నష్టం ఆ ఇరవై వేల మీద పడుతుంది. చట్టానికి బయట నడిచే యాప్‌లో 97 కూడా ఎవరూ తనిఖీ చేయరు.

గెలిచిన డబ్బు విత్‌డ్రా కావడం లేదు. ముందు ట్యాక్స్ కట్టమంటున్నారు.

కట్టొద్దు. ఇలాంటి గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను ఉన్న మాట నిజమే, కానీ టీడీఎస్ అన్నది ఇచ్చేవాడు మీకిచ్చే డబ్బులోంచి కోసుకుని ప్రభుత్వానికి కట్టేది. ఎవరిదో పేరున్న యూపీఐకి మీరు ముందుగా పంపే పన్ను ఈ దేశంలో లేదు. ట్యాక్స్ తర్వాత "వెరిఫికేషన్ ఫీజు", దాని తర్వాత "అకౌంట్ అన్‌లాక్ ఛార్జీ" అంటారు. స్క్రీన్ మీద కనబడే ఆ లక్షా ఎనభై వేలు ఒట్టి అంకె. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితే డబ్బు ఇంకా ఏదో ఒక అకౌంట్‌లో ఆగి దొరికే అవకాశం ఉంటుంది.

నాకు ఐడీ ఇచ్చినోడు మనూరోడే. మోసం చేయడు కదా?

వాట్సాప్‌లో ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చి, ముందు డబ్బు లేకుండానే ఆడనిచ్చి, సోమవారానికి లెక్క చూసేవాడు మనూరోడే అయ్యుంటాడు, మీ పెళ్ళికి కూడా వచ్చుంటాడు. అతని పైన ఒకడు, ఆ పైన ఇంకొకడు ఉంటారు, మీ బాకీకి వాళ్ళకు జవాబుదారీ అతనే. మీరు ఓడినదాంట్లో అతనికి వాటా. అరువుకు ఆడనిచ్చేది అందుకే, చేతిలో నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు ఉండే భయం అరువులో ఉండదు. ముఠాగా బెట్టింగ్ నడిపితే భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్ కింద ఏడాది నుంచి ఏడేళ్ళ వరకు జైలు. నలుగురు స్నేహితులకు ఐడీలు ఇప్పించి కమీషన్ తీసుకుంటే మీరు ఆడేవాళ్ళ లెక్కలోంచి నడిపేవాళ్ళ లెక్కలోకి వెళ్ళినట్టే.

నా అకౌంట్, సిమ్ వాడుకోవడానికిస్తే నెలకు ఐదువేలు ఇస్తామంటున్నారు. నేను ఆడను కదా?

దయచేసి ఇవ్వొద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతారంటే ఇదే చదవండి. హాస్టల్ పిల్లలను, పరీక్షలకు చదువుకుంటూ ఖర్చులకు ఇబ్బంది పడే పిల్లలను వెతికి పట్టుకుంటున్నారు. బెట్టింగ్ డబ్బే కాదు, ఎక్కడో ఒక ముసలామెను పోలీసులమని వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్టు" అని భయపెట్టి లాగిన డబ్బు కూడా మీ అకౌంట్ గుండానే పోతుంది. పోలీసులకు కాగితం మీద మొదట కనబడే పేరు మీదే, ఆధార్ మీదే, ఫోటో మీదే. మోసం కేసు పెడతారు, పెద్ద మొత్తమైతే మనీలాండరింగ్ చట్టం కూడా రావచ్చు, దానికి మూడేళ్ళకు తక్కువ శిక్ష లేదు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈరోజే బ్రాంచికి పోయి అకౌంట్ ఆపమని రాతపూర్వకంగా ఇచ్చి, దాని మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. తర్వాత ఒక వకీలుతో మాట్లాడి పోలీసులకు చెప్పండి.

## ఇరుక్కున్నాక

నా అకౌంట్ ఫ్రీజ్ అయింది. యాప్ నుంచి వచ్చింది మూడువేలే, దానికే మొత్తం ఆపేశారు!

యాప్ మీకు పంపిన మూడువేలు యాప్ అకౌంట్ నుంచి రాలేదు. ఇంకో రాష్ట్రంలో మోసపోయిన మనిషి డబ్బు నాలుగు చేతులు మారి గెలుపు పేరుతో మీకు చేరింది. ఆయన ఫిర్యాదు చేశాడు, ఆ జాడ పట్టుకుని అక్కడి పోలీసులు మీ బ్యాంకుకు రాశారు. బ్రాంచి మేనేజర్ మీద అరిచి లాభం లేదు, అది తీసే అధికారం ఆయనకు ఉండదు. ఆయన్ను అడగాల్సింది మూడే: ఫిర్యాదు నంబరు, ఏ పోలీస్ స్టేషన్, ఎంత మొత్తం మీద అభ్యంతరం. అవి పట్టుకుని స్టేట్‌మెంట్ జతచేసి ఆ దర్యాప్తు అధికారికి రాయండి, వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపి మిగతాది వదలమని అడగండి. జవాబు రాకపోతే వకీలు ద్వారా మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయొచ్చు. "ఇరవై వేలిస్తే రెండు రోజుల్లో తీయిస్తా" అనే దళారికి రూపాయి ఇవ్వొద్దు.

జీతమో పెన్షనో పడే అకౌంట్ అయితే ఆ నెల ఇల్లు గడవడమే కష్టం. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి జీతం అక్కడ పడేలా ముందు చూసుకోండి.

లోన్ యాప్‌లో తీసుకున్నా. నా ఫోన్‌లోని అందరికీ ఫోటోలు పంపుతామంటున్నారు.

బెట్టింగ్ వెనకాలే లోన్ యాప్ వస్తుంది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టులు, ఫోటోలు ముట్టుకోకూడదు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. ఫోటోలు మార్ఫ్ చేసి బెదిరిస్తే అది విడి నేరం, మీరు అప్పు దేనికోసం తీసుకున్నారన్నది ఆ నేరాన్ని తగ్గించదు. స్క్రీన్‌షాట్లు, నంబర్లు దాచుకుని 1930లో ఫిర్యాదు చేయండి. ఇంకోటి, వాడు పంపకముందే ఇంట్లోవాళ్ళకు, దగ్గరివాళ్ళకు మీరే చెప్పేయండి. చెప్పిన రోజున వాడి చేతిలోని కత్తి మొద్దుబారుతుంది.

బుకీ దగ్గర ఖాళీ చెక్కు, ప్రోనోటు ఉన్నాయి. కోర్టుకు పోతానంటున్నాడు.

పందెం బాకీ కోర్టులో వసూలయ్యేది కాదు, 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ అదే చెబుతుంది. కానీ అతను పందెం బాకీ అని చెప్పడు, చేబదులు ఇచ్చానంటాడు. సంతకం మీది కాబట్టి బాకీ ఉన్నట్టే కోర్టు మొదట అనుకుంటుంది, కాదని చూపించే భారం మీ మీద పడుతుంది. అందుకే ఆ ఐడీ మెసేజులు, సోమవారం లెక్కలు, బెదిరించిన వాయిస్‌లు ఏవీ చెరిపేయొద్దు. చెక్కు బౌన్సై నోటీసు వస్తే 15 రోజులే గడువు, కవరు తెరవకుండా బీరువాలో పెట్టొద్దు. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే కర్నూలు, అనంతపురం, కడప జిల్లా కోర్టుల్లోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోన్ నంబరు 15100. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితం.

1930కి చెబితే నా మీదే కేసు పెట్టరా?

ఈ భయం వల్లనే మోసగాళ్ళు బతుకుతున్నారు. ఆడేవాడికి కేంద్ర చట్టంలో శిక్ష లేదు, రాష్ట్ర చట్టంలో ఉంది కాబట్టి ప్రమాదం అసలు లేదని నేను చెప్పను. మనసు ఒప్పకపోతే ముందు 15100లో న్యాయ సలహా అడిగి, తర్వాత ఫిర్యాదు చేయండి. అబద్ధం మాత్రం రాయొద్దు. "ఓటీపీ అడిగి లాగేశారు" అని కథ రాస్తే స్టేట్‌మెంట్ తెరిచిన ఐదు నిమిషాల్లో బయటపడుతుంది.

కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అవుతున్నా. పేకాట కేసు చిన్నదే కదా?

ఫైనుతో పోయే కేసైనా, ఉద్యోగంలో చేరేముందు మీ గురించి విచారణకు నింపే అటెస్టేషన్ ఫారంలో రాయాలి. కేసు కంటే దాన్ని దాచడమే ఎక్కువమందికి ఉద్యోగం పోగొట్టింది.

## ఇంట్లో తెలిసినాక

మా వాడు ఆడుతున్నాడేమో అని అనుమానం. ఎట్ల కనిపెట్టల్ల?

ఫోన్ లాక్కుని వెతికితే ఏమీ దొరకదు, అవన్నీ చెరిపేసి ఉంటాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ అబద్ధమాడదు. రాత్రి పదకొండు తర్వాత, ముక్కూమొహం తెలియని పేర్లకు రౌండు మొత్తాలు పోతున్నాయా చూడండి. మెడలో గొలుసు "పాలిష్‌కు ఇచ్చినా" అంటే ఏ అంగట్లో అని అడగండి. ప్రొద్దుటూరులో నేను చూసిన తాకట్టు రసీదుల్లో సగం కథలు ఆ పాలిష్ మాటతోనే మొదలైనాయి. బండి స్నేహితునికి ఇచ్చినానంటాడు, జీతం లేటంటాడు. మ్యాచ్ చూసేటప్పుడు ఎవరు గెలుస్తారన్న ధ్యాస ఉండదు, ఈ ఓవర్‌లో ఎన్ని పరుగులన్నదానికి చెమటలు పడతాయి.

అప్పు ఆరు లక్షలంటున్నాడు. ఎకరం అమ్మి కట్టేద్దామా?

ఆగండి. మొదటిసారి చెప్పే అంకె అసలు అంకె కాదు, సిగ్గుతో తగ్గించి చెబుతారు. ఒక నోటుబుక్కు తీసుకుని ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఏ కాగితం మీద అని ఇద్దరూ కూర్చుని రాయండి. ఆ పని ఒక పూటలో కాదు, నాలుగు రోజులు పడుతుంది. తర్వాత తాకట్టు బంగారం, బ్యాంకు బాకీ, చేబదుళ్ళు, పందెం బాకీలు విడదీయండి. పందెం బాకీలు అన్నిటికంటే గట్టిగా అరుస్తాయి, అయినా అవి ఆఖరివి. కట్టేది ఏదైనా మీరే నేరుగా కట్టి రసీదు తీసుకోండి, వాని చేతికి నగదు ఇవ్వొద్దు. ఒక్కసారిగా మొత్తం తీర్చేస్తే "నాయన ఉన్నాడులే" అన్న ధైర్యం వచ్చి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళను చూశాను. భూమి అమ్మడం గురించి ఆలోచించాలంటే ముందు ఆట ఆగి కనీసం కొన్ని నెలలు గడవాలి.

డ్వాక్రా కంతు డబ్బులు పెట్టి ఆడేసినా. సంఘంలో ఎవరికీ తెలీదు.

అమ్మా, ఈ నెలే లీడర్‌కు చెప్పండి. కంతు తప్పితే మీ ఒక్కరికే కాదు, తర్వాత అప్పుకు పోయినప్పుడు సంఘంలో అందరికీ అడ్డం వస్తుంది. ఒక కంతు దగ్గర చెబితే సర్దుకునే దారి ఉంటుంది. నాలుగు కంతుల తర్వాత బ్యాంకు వాళ్ళు సంఘం పుస్తకం తెరిచినప్పుడు తెలిస్తే ఊర్లో తలెత్తుకోలేని పరిస్థితి వస్తుంది. ఆడవాళ్ళు ఆడరని అందరూ అనుకోవడం వల్ల మీరు ఎవరితోనూ చెప్పుకోలేకపోతున్నారు, అది నాకు అర్థమవుతుంది.

చచ్చిపోవాలనిపిస్తోంది.

14416కి ఇప్పుడే ఫోన్ చేయండి. టెలీమానస్ అంటారు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఇంట్లో ఎవరైనా మేలుకొని ఉంటే పోయి వాళ్ళ పక్కన కూర్చోండి, ఏమీ చెప్పకపోయినా ఫరవాలేదు. ఏదైనా మింగి ఉంటే 108. ఇంటివాళ్ళకు ఒక మాట: ఈ రాత్రికి అప్పు ఎంతని అడగొద్దు, ఎందుకు చేసినావని అడగొద్దు. పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీసేసి, మనిషిని ఒంటరిగా వదలకుండా ఉండండి. బాకీలన్నీ రేపటికి కూడా అక్కడే ఉంటాయి, వాటికి దారులున్నాయి.

## మానేటప్పుడు

ఇది జబ్బా, ఒళ్ళు కొవ్వా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో జూద వ్యసనం ఉంది. నష్టమని తెలిసీ ఆపలేకపోవడమే దాని గుర్తు. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి, ఓపీ చీటీ తీసుకుని పోవడమే. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్ వ్యసనాలకు ప్రత్యేకంగా షట్ క్లినిక్ నడుస్తుంది. తాయెత్తు కట్టించినా, ఒట్టు వేయించుకున్నా నేను కాదనను, దాంతోపాటు డాక్టర్ దగ్గరికీ తీసుకుపోండి.

ఫోన్ లేకుండా బతకలేం కదా. ఎట్ల ఆపేది?

డబ్బు దారి మూయండి. జీతం పడే అకౌంట్‌కు యూపీఐ తీసేయమని బ్యాంకులో అడగొచ్చు, లేదా రోజు పరిమితి వెయ్యికి తగ్గించుకోవచ్చు. ఖర్చులకు వేరే చిన్న ఖాతా పెట్టుకుని వారానికోసారి ఇంట్లోవాళ్ళు అందులో వేయాలి. ఏటీఎం కార్డు భార్య దగ్గరో అమ్మ దగ్గరో. యాప్ ఒక్కటి తీసేస్తే చాలదు, ఆ టెలిగ్రామ్ గ్రూపులు, ఐడీ ఇచ్చినవాడి నంబరు కూడా పోవాలి. వీలైతే సిమ్ మార్చండి, "ఫ్రీ బోనస్ వచ్చింది" అని పాత నంబరుకు వాళ్ళు నెలల తరబడి మెసేజులు పెడుతూనే ఉంటారు.

ఆరు నెలలు మానేసి మొన్న ఐపీఎల్‌కు మళ్ళీ ఆడేసినా. ఇంక నాతో కాదా?

అవుతుంది. జారడం ఈ జబ్బులో మామూలే, జారిన రోజున దాచారా చెప్పారా అన్నదాన్ని బట్టి తర్వాతి కథ ఉంటుంది. మార్చి నుంచి మే దాకా సాయంత్రాలు మీకు కష్టమైనవి, ఆ గంటలకు వేరే పని ముందే పెట్టుకోండి.

ఆ టమోటా రైతు కొడుకు ఇప్పటికీ నెల మొదటి ఆదివారం స్టేట్‌మెంట్ ప్రింటు తీసుకుని వస్తాడు. అతను ఒక లైను చదువుతాడు, ఎరువులంగడి, కరెంటు బిల్లు, చెల్లెలి ఫీజు, నేను టిక్కు పెడతా. ఏప్రిల్‌లో ఒక లైను దగ్గర ఆగిపోయి, "ఇది ఆటదే సార్, మూడొందలు" అన్నాడు. ఆ లైను కింద గీత గీసి, పక్కన తేదీ వేసి, తర్వాతి లైను చదవమన్నాను. పోయిన నెల మొత్తం ఒకటిన్నర పేజీ వచ్చింది.